ఫోను పోయిందని రాయకు

అమ్మలూ,

ఆశీస్సులు. జేన్ ఆస్టెన్ ‘పర్సువేషన్’ని ఈ కాలపు ప్రేమకథగా తిరగరాస్తానన్నావు, చాలా సంతోషం. నువ్వు పంపిన కథాసంగ్రహంలో ఒకచోట మాత్రం ఆగిపోయాను. హీరో ఫోను పోయింది, నంబరు మారింది, అందుకే ఎనిమిదేళ్ళు ఇద్దరి మధ్య మాటల్లేవు అని రాశావు. ముందు అది కొట్టెయ్యి.

మూలం మళ్ళీ చదువు. ఆన్ ఇలియట్ 19 ఏళ్ళప్పుడు, నౌకాదళంలో పనిచేసే వెంట్‌వర్త్‌కిచ్చిన పెళ్ళి మాట వెనక్కి తీసుకుంది. రెండేళ్ళకే, 1808లో, వెంట్‌వర్త్ చేతిలో కొన్ని వేల పౌన్లున్నాయి, ఓడ చేతికొచ్చింది. అప్పుడొక్క ఉత్తరం ముక్క రాసుంటే ఆమె కాదనేది కాదు. చివర్లో ఇద్దరూ ఆ సంగతే మాట్లాడుకుంటారు. మరెందుకు రాయలేదు? తపాలా బాగానే నడుస్తోంది, అతని ఆత్మాభిమానమే అడ్డొచ్చింది. నీ కథలోనూ ఆమె నంబరు అతని దగ్గరే ఉండాలి. ఆమె డీపీ మారినప్పుడల్లా అతనికి తెలియాలి. అయినా మెసేజ్ పెట్టకూడదు. తప్పంతా ఫోను మీదికి తోసేస్తే, చివర్లో అతను ఒప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక వయసులు. 27 ఏళ్ళకి ఆన్ పని అయిపోయిందని ఆ రోజుల్లో అనుకున్నారు. ఇవాళ హైదరాబాద్‌లో 27 ఏళ్ళ అమ్మాయిని చూసి ఎవరూ నిట్టూర్చరు. విడిపోయేటప్పటికి 24, మళ్ళీ కలిసేటప్పటికి 32 పెట్టు. ఎనిమిదేళ్ళ ఎడం మాత్రం కదపకు.

నౌకాదళం అనగానే విశాఖపట్నం అని రాసేసుకున్నావు. ఊరు బాగానే కుదిరింది, ఉద్యోగం కుదరలేదు. వెంట్‌వర్త్‌కి 25,000 పౌన్లు జీతం మీద రాలేదు. యుద్ధంలో పట్టుకున్న శత్రు నౌకల విలువలో కెప్టెన్‌కి వాటా వచ్చేది. ఇప్పటి నేవీ ఆఫీసరుకి అలాంటి రాబడి లేదు. వెనక ఆస్తి లేనివాడు, సాహసం చేసి, ఎనిమిదేళ్ళలో సొంతంగా పైకి రావాలి. ఈ కాలంలో అలా వీలయ్యే పని ఏదో చూసుకో. కొత్త కంపెనీలో మొదట్లో చేరి షేర్లు తీసుకున్నవాడైనా సరిపోతాడు.

అన్నిటికన్నా ఎక్కువ పని నీకు లేడీ రసెల్ దగ్గరుంది. చనిపోయిన తల్లికి స్నేహితురాలు, ఆన్‌ని ప్రాణంగా చూసుకునే మనిషి. ఆవిడని విలన్‌ని చేశావంటే నవల చచ్చిపోతుంది. ఆ పెళ్ళి వద్దని ఆన్‌కి ఆవిడ చెప్పిన కారణం వింటే ఏ తల్లికైనా ‘నిజమే కదా’ అనిపించాలి: కుర్రాడికి ఆస్తి లేదు, ఉద్యోగం అంతంతమాత్రం, పిల్ల చిన్నది. ఆన్ లొంగిపోయింది కూడా, తనని వదిలేస్తే అతనికే మేలని నమ్మి. మన దగ్గర రాసేవాళ్ళు ఇక్కడ సులువుగా కులం తెచ్చి పెట్టేస్తారు. ఆలోచించు. ఆస్టెన్ కథలో అతనికి డబ్బు రాగానే అడ్డు దానంతటదే తొలగిపోతుంది. కులం డబ్బుతో పోదు. అది తెస్తే రెండో సగమంతా నువ్వు వేరే రాయాలి, ముగింపుతో సహా. రాయగలిగితే రాయి, కానీ మూలం ముగింపుని అలాగే తెచ్చి అతికించకు.

కాలం మార్చినా మనిషి గుట్టు పోకుండా ఎలా రాస్తారో చూడాలంటే ఆస్టెన్‌దే మరో నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఆధారంగా 2000లో వచ్చిన ‘ప్రియురాలు పిలిచింది’ చూడు. నవల్లోని కల్నల్ బ్రాండన్ అందులో శ్రీలంకలో కాలు పోగొట్టుకుని వచ్చిన సైనికాధికారి అయ్యాడు.

నడక సంగతి. మూలం 24 అధ్యాయాలు. వెంట్‌వర్త్ మనిషిగా కనబడేది ఏడోదానిలో. నువ్వు 40 భాగాల సీరియల్ అంటున్నావు కనక, ఆ లెక్కన 11, 12 భాగాల దగ్గర వస్తాడు. అంతదాకా పాఠకులు ఆగరని భయపడి మొదటి భాగంలోనే దింపకు. మూడో అధ్యాయం చివర్లోనే, పేరు చెప్పకుండా, అతను ఇటు రావచ్చని ఆన్ చేత అనిపిస్తుంది ఆస్టెన్. ఆన్ వాళ్ళ ఇల్లు అద్దెకి తీసుకున్నది అతని అక్క, బావ అయిన అడ్మిరల్. ఆ చుట్టరికం ఉంచు, అతన్ని లాక్కొచ్చేది అదే.

తొమ్మిదో అధ్యాయంలో ఒక చిన్న సన్నివేశం ఉంది, దాన్ని ముట్టుకోకు. ఆన్ మోకాళ్ళ మీద కూచుని జబ్బుపిల్లవాడికి సాయం చేస్తుంటే, రెండేళ్ళ తమ్ముడు ఆమె వీపు మీదెక్కి మెడ వదలడు. వెనకనించి ఎవరో వచ్చి ఆ చిన్నచేతులు విడదీసి, వాణ్ణి ఎత్తుకుపోతారు. ఎవరో తెలిశాక ఆమెకి నోట మాట రాదు. ఆమె కృతజ్ఞత చెబుతుందేమోనని అతను పిల్లవాడితో కావాలని చప్పుడు చేస్తూ ఉంటాడు. అంతే. దీనికి చూపులు, గుండెదడలు తగిలించకు.

ఆన్ చెల్లెలి ఆడపడుచు లూయిసా పడిపోవడాన్ని లారీ ప్రమాదం చేశావు. అదీ కుదరదు. పదో అధ్యాయంలో వెంట్‌వర్త్ చేతిలో హేజిల్‌నట్ పెట్టుకుని, గాలివానలకీ చెక్కుచెదరని గింజలా మనిషి గట్టిగా ఉండాలని లూయిసాని మెచ్చుకుంటాడు. పన్నెండో అధ్యాయంలో, లైమ్ అనే సముద్రతీరపు ఊళ్ళో రేవుగోడ మెట్ల మీద, అతను వద్దంటున్నా రెండోసారి దూకుతుంది. ఒక్క క్షణం ముందు దూకింది, తల నేలకి కొట్టుకుంది. అతను మెచ్చిన మొండితనమే అది. నీ కథలో కూడా భీమిలి రాళ్ళ మీదో మరోచోటో, తన పంతం వల్లే పడాలి.

హక్కుల గురించి అడిగావు. ఆస్టెన్ 1817లో పోయింది, మూలం ఎవరైనా వాడుకోవచ్చు. అయితే మన చట్టంలో హక్కు రచయిత పోయాక 60 ఏళ్ళు ఉంటుంది, అనువాదకుడికీ అంతే. కాబట్టి ఇటీవలి తెలుగు అనువాదంలోని వాక్యాలూ, సినిమాలు సొంతంగా కల్పించిన సన్నివేశాలూ నీవి కావు. పక్కన ఇంగ్లీషు మూలమే పెట్టుకో.

చివరిగా, వెంట్‌వర్త్ ఆన్‌కి రాసే ఉత్తరం. 1816 జులైలో ఆస్టెన్ మొదట రాసిన ముగింపులో ఆ ఉత్తరం లేనే లేదు. అడ్మిరల్ అడగమన్నాడని వెంట్‌వర్త్ ఆన్ దగ్గరికొచ్చి, దాయాదిని పెళ్ళాడుతున్నావా అని అడుగుతాడు, కాదంటుంది, కథ సుఖాంతం. ఆమెకి నచ్చక తిరగరాసింది. కొట్టేసిన ఆ అధ్యాయాల రాతప్రతి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. కొత్తదానిలో, ఆడవాళ్ళ ప్రేమే ఎక్కువ కాలం నిలుస్తుందని ఆన్ అతని స్నేహితుడు హార్విల్‌తో వాదిస్తుంటే, అదే గదిలో రాసుకుంటున్న వెంట్‌వర్త్ చేతిలో కలం జారుతుంది. అక్కడే ఆమెకి ఆ ఉత్తరం రాస్తాడు. మధ్యవర్తి అవసరం లేకుండా ఆమె మాటే అతన్ని కదిలించింది.

నువ్వు దీన్ని వాట్సాప్ మెసేజ్ చేశావు. వద్దు. మన ఇళ్ళల్లో ఇప్పటికీ చేత్తో రాసేది ఒకటుంది, శుభలేఖల మీద పేర్లు. లూయిసా వేరొకరిని చేసుకుంటోంది కదా, ఆ పెళ్ళి శుభలేఖల కట్ట ముందేసుకుని అతను పేర్లు రాస్తూ ఉండాలి. పక్కన ఆమె మాట్లాడుతూ ఉండాలి. ఒక పేరు సగంలో ఆగాలి. తర్వాత ఆమె పేరుతో ఉన్న కవరు తీసి, లోపలి కార్డు వెనక, ఖాళీ ఉన్నంత మేరా రాయాలి. కార్డు వెనక పట్టేది పది పన్నెండు వాక్యాలే, అంతకు మించనివ్వకు.

తల్లి స్నేహితురాలు ‘వద్దు’ అని చెప్పే భాగం ముందు రాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

నీ పెద్దమ్మ