బూజు చదువుకు వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

నువ్వు శిలీంధ్రాల మీద పీహెచ్‌డీలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. "బూజు చదువుకు ఐదేళ్లా అక్కా?" అన్నాడు. వాణ్ని తిట్టాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకూ టెన్షన్ మొదలైంది. అందులో సగం గర్వమేలే.

నెట్ పాసయ్యావు, ఫెలోషిప్ ఉంది, డబ్బు సంగతి వదిలేస్తున్నా. నోట్‌బుక్ ఏ రోజుకారోజు రాయి.

అసలు చెప్పాల్సింది పురుగుల గురించి.

నా పీహెచ్‌డీ మూడో ఏడు. మహబూబ్‌నగర్ పల్లికాయల్లోంచి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వేరు చేస్తుండేదాన్ని. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లను చంపిన అఫ్లాటాక్సిన్ అనే విషం ఈ బూజు చేసేదే. నాకు మాత్రం విషం చెయ్యని రకాలు కొన్ని దొరికాయి. అలాంటివాటిని పొలంలో వదిలితే విషపు రకాలకు చోటు లేకుండా చేస్తాయి. "ఢిల్లీ పూసాలో బూజు రకాలు దాచే బ్యాంకుకి ఒక్కో స్లాంట్ పంపెయ్" అని సీనియర్ పోరేది. స్లాంటంటే బూజు పెంచుకునే గాజు గొట్టమే. "థీసిస్ అయ్యాక" అనేదాన్ని. ఎవరైనా నాకన్నా ముందు పేపర్ వేసేస్తారని కుళ్లు, ఇంకేం లేదు.

ఆ ఆగస్టులో పాత పల్లికాయల సంచి బెంచి కిందే వదిలేశాను. అందులోంచి కంటికి ఆనని మైట్లు అనే పురుగులు బయల్దేరాయి. ఒంటికి బూజు విత్తనాల్లాంటి స్పోర్లు అంటించుకుని ప్లేట్ నుంచి ప్లేట్‌కి నడిచాయి. చూస్తే అగర్ జెల్లీ మీద చుక్కల బాట, ఒక్కో చుక్క ఒక్కో బూజు. దూది మూతల్లోంచి స్లాంట్లలోకీ దూరాయి. మూడేళ్ల పనిని నా చేత్తోనే ఆటోక్లేవ్‌లో పెట్టి 121 డిగ్రీల్లో ఉడకబెట్టాను. గదంతా బూజును పెంచే ఆలుగడ్డ మీడియం వాసన.

కొత్త శాంపిల్ వేరే గదిలో ఉంచు. స్లాంట్ల మీద పారఫిన్ నూనె పొయ్యి. దొరికిన ఏడాదే పుణె అఘార్కర్ సంస్థలోని బూజుల బ్యాంకుకి కాపీ పంపు. నాలా కుళ్లుకోకు తల్లీ.

ఇంకోటి. వానాకాలం వస్తే నీకు పిల్లికూతలు. ఎన్ని రాత్రులు నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నానో నీకు గుర్తుండదు. వడకట్టిన గాలి ఊదే లామినార్ ఫ్లో బల్ల గాలి నీ మొహం మీదికే వస్తుంది, అది కాపాడేది ప్లేట్‌ని, నిన్ను కాదు. స్పోర్లు లేచే పని గాలిని లోపలికే లాగే బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే చెయ్యి. లేదంటే గైడ్‌తో పోట్లాడు. ఆస్తమా ఉందని చేరిన రోజే చెప్పు. మూత తీసి వాసన చూశావని తెలిస్తే ల్యాబ్‌కే వచ్చి తంతాను.

ఆదివారం తార్నాక రా. మాస్కుల డబ్బా కొనిపెట్టాను. ఏం వండమంటావో చెప్పు, ఆలుగడ్డ మాత్రం అడక్కు.

మీ అత్త