పరామితి వేరు, పరిమితి వేరు

సందేహం: అయ్యా, నేను ఆర్కిటెక్చర్ విద్యార్థినిని. ప్రాజెక్టు రిపోర్టుకు తెలుగులో సారాంశం రాస్తూ 'రూల్ డ్రివెన్ పారామెట్రిక్ మోడలింగ్' అన్నదాన్ని 'నియమబద్ధ పరిమితుల నమూనా నిర్మాణం' అన్నాను. మా స్నేహితురాలు అది 'పరిమితి' కాదు, 'పరామితి' అంటోంది. రెండూ ఒకటి కావా? మొత్తం మాటను ఎలా రాస్తే బాగుంటుంది?

సమాధానం: అమ్మా, మీ స్నేహితురాలు చెప్పిందే సరి. పరిమితి అంటే హద్దు, దాటకూడనిది. పరామితి అంటే మనం ఇచ్చే విలువ, కావలసినప్పుడు మార్చుకోగలిగినది. 'ఈ మోడల్‌కు 12 పరిమితులున్నాయి' అని రాస్తే చదివేవాళ్లు పాపం దానికి 12 లోపాలున్నాయనుకుంటారు.

మెట్లనే తీసుకోండి. అంతస్తు ఎత్తు 3,000 మిల్లీమీటర్లు. ఒక్కో మెట్టు ఎత్తు 175 మిల్లీమీటర్లు దాటకూడదని పెట్టుకున్నారు. 3,000ను 175తో భాగిస్తే 17 పైచిలుకు వస్తుంది కాబట్టి 18 మెట్లు వేయాలి. ఒక్కోటి సుమారు 166.7 మిల్లీమీటర్లు. తర్వాత అంతస్తు ఎత్తు 3,300 చేయమన్నారనుకోండి, గీసినదంతా చెరిపి మళ్లీ గీయక్కర్లేదు. ఆ ఒక్క అంకె మారిస్తే చాలు, మెట్లు 19 అవుతాయి, ఒక్కోటి సుమారు 173.7కి సర్దుకుంటుంది. ఇందులో అంతస్తు ఎత్తు పరామితి. 175 పరిమితి. భాగించి, భిన్నం వస్తే పై పూర్ణాంకం తీసుకోమనడం నియమం. మూడు మాటలకూ మూడు పనులున్నాయి. (ఆ 175ను కూడా మార్చుకునే వీలు పెడితే అదీ పరామితే అవుతుంది. అప్పుడు ఒకే అంకె రెండు పాత్రలూ వేస్తుంది. మీకు తికమక ఇక్కడే వచ్చి ఉండవచ్చు.)

ఇక మాట పుట్టుక. పారామీటర్ గ్రీకు మూలాల నుంచి వచ్చింది. 'పారా' అంటే పక్కన, 'మెట్రన్' అంటే కొలత. మితి, మాత్ర, ప్రమాణం అనే మాటలకు మూలమైన 'మా' ధాతువుకూ ఆ మెట్రన్‌కూ చుట్టరికం ఉంది. అందుకే 'మితి' అంత చక్కగా అతికింది. 'పరా' మాత్రం ధ్వని కోసం వచ్చి చేరినదే. పరాజయం, పరాభవం వంటి మాటల్లోని పరా ఉపసర్గ అర్థాన్ని ఇక్కడ వెతకకండి. గణితం తెలుగులో చదివినవాళ్లకు 'పరామితీయ సమీకరణాలు' పరిచయమే. ఆర్కిటెక్చర్‌కు కూడా ఈ మాట గణితం నుంచే వచ్చింది. ఇటలీ ఆర్కిటెక్ట్ లుయీజీ మొరెట్టి 1960లో మిలాన్‌లో ప్రదర్శించిన ఒక స్టేడియం నమూనాను 19 పరామితుల మీద నడిపించారు.

విశేషణంగా 'పరామితీయ' అనండి. 'ఇక' ప్రత్యయమే కావాలంటే మొదటి అచ్చుకు వృద్ధి రావాలి. సమాజం సామాజికం అయినట్టే ఇది 'పారామితిక' అవుతుంది. 'పరామితిక' మాత్రం తప్పు.

'నియమబద్ధ' కూడా ఇక్కడ కుదరదు. నియమబద్ధమైన జీవితం అంటే పద్ధతిగా బతకడం. మీ మోడల్ పద్ధతిగా ఉందని కాదు కదా మీరు చెబుతున్నది, నియమాలే దాని రూపాన్ని పుట్టిస్తున్నాయని. 'నియమచోదిత' అని కొందరు రాస్తారు. ఇంగ్లీషు మాటకు తొడిగిన తెలుగు తొడుగులా ఉంటుంది, నాకు నచ్చదు. 'నియమాధారిత' తేలిగ్గా అర్థమవుతుంది.

నియమం రూపాన్ని పుట్టించడం భాష చదివినవాళ్లకు కొత్త కాదు. ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి అవుతుందన్న సూత్రం ఒక్కటే. రాముడు + ఎక్కడ ఇస్తే రాముడెక్కడ వస్తుంది, సోముడు + ఇతడు ఇస్తే సోముడితడు వస్తుంది. సూత్రం కదలదు, ఇచ్చే మాటలు మారతాయి. జార్జ్ స్టైనీ, జేమ్స్ గిప్స్ 1971లో ఆకారాలను నియమాలతో పుట్టించే పద్ధతిని ప్రతిపాదించి, దానికి పెట్టిన పేరు 'షేప్ గ్రామర్', అంటే ఆకార వ్యాకరణం. 1978లో స్టైనీ, విలియం మిచెల్ కలిసి పదహారో శతాబ్దపు ఇటలీ ఆర్కిటెక్ట్ పల్లాడియో విల్లాల (పెద్ద ఇళ్ల) ప్లాన్లకు అలాంటి వ్యాకరణమే రాశారు. ఇళ్ల ప్లాన్లకు వ్యాకరణం అన్న మాట మొదటిసారి చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మిగిలింది 'నమూనా నిర్మాణం'. భవనాల సంగతి మాట్లాడేటప్పుడు నిర్మాణం అంటే కట్టడమనే తోస్తుంది. చదివేవాళ్లు మోడల్ హౌస్ కడుతున్నారనుకుంటారు. 'నమూనా రచన' అంటే ఆ చిక్కు ఉండదు.

కాబట్టి శీర్షికలో 'నియమాధారిత పరామితీయ నమూనా రచన' అని రాయండి. కిందనే ఇలా విడమరచండి: 'కొలతల మధ్య సంబంధాలను నియమాలుగా ముందే రాసిపెట్టి, పరామితుల విలువలు మార్చినప్పుడల్లా భవనం రూపం దానంతట అదే సర్దుకునేలా కంప్యూటర్‌లో మోడల్ తయారుచేయడం.' మీ స్నేహితురాలితో మాట్లాడేటప్పుడు పారామీటర్ అనే అనండి, తప్పేమీ లేదు.