బయటి జన్యువు చేరితే ల్యాబ్‌లోని కణం క్యాన్సర్ కణంలా ఎందుకు మారుతుంది?

నల్లగొండలో బీఎస్సీ చదువుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది, చాలా మంచి ప్రశ్న.

ల్యాబ్ డిష్‌లో మామూలు కణాలు పక్కవాటిని తాకగానే పెరగడం ఆపేస్తాయి. 1980ల మొదట్లో మనిషి మూత్రాశయ క్యాన్సర్ డీఎన్‌ఏను ఎలుక కణాల్లోకి ఎక్కిస్తే, కొన్ని ఆగకుండా పెరిగి గుట్టలు కట్టాయి. కారణం రాస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు! దానివల్ల ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం బదులు వాలీన్ వచ్చింది. పెరగమని సంకేతం ఇచ్చి మూసుకోవాల్సిన ఆ ప్రోటీన్, సాగర్ కాలువ తూము ఇరుక్కుపోయినట్టు తెరుచుకునే ఉంటుంది.

వైరస్ జన్యువులు ఇంకో దారిలో వస్తాయి. ఎస్‌వీ40 వైరస్ తయారుచేసే టీ-యాంటిజెన్ అనే ప్రోటీన్, కణాన్ని అదుపులో ఉంచే పీ53, ఆర్‌బీ ప్రోటీన్లను పట్టేసి పని చేయనివ్వదు.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు: ఆ ఎలుక కణాలు అప్పటికే ఎంతకాలమైనా విభజన చెందేలా మారినవి. శరీరం నుంచి కొత్తగా తీసిన కణాలకు రాస్ ఒక్కటే సాధారణంగా సరిపోదు, మిక్ లాంటి మరో జన్యువు తోడు కావాలి.