సరంగువి నువ్వే అయినప్పుడు

రాయపురం, చెన్నై

చి. సౌ. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

సెప్టెంబరులో మీరు ఆరుగురూ గ్రీసు వెళ్ళి, నలభై అడుగుల తెరచాప పడవ వారానికి అద్దెకు తీసుకుని, సరంగును పెట్టుకోకుండా మీరే నడుపుకుంటామని రాశావు. చాలా సంతోషం తల్లీ. మీ అమ్మ భయపడుతోందట, తనతో నేను మాట్లాడతాను. నీతో మాట్లాడాల్సింది వేరే ఉంది.

బేర్‌బోట్ అంటే పడవ ఇస్తారు, మనిషిని ఇవ్వరు. నువ్వు సంతకం పెట్టాక ఆ పడవకీ, అందులో ఉన్న ప్రాణాలకీ పూచీ నీదే. 1911లో ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దొర మొదలుపెట్టిన మన యాట్ క్లబ్బులో నువ్వు రెండేళ్ళు ఆదివారాలన్నీ చుక్కాని పట్టావు కాబట్టి, నడపడం గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా పడవ ఆపడం గురించే.

ముందు కాగితాలు. అడ్వాన్సు కట్టకముందే నీ పడవ నడిపే సర్టిఫికెట్టు కాపీ పంపి, అది వాళ్ళ రేవులో చెల్లుతుందని మెయిల్లో రాయించుకో. ఫోన్లో చెప్పిన మాట రేవు పోలీసుల దగ్గర పనికిరాదు. నీతోపాటు ఇంకొకరికైనా పడవ పని వచ్చి ఉండాలి, అది అక్కడి నిబంధన కూడా. డిపాజిట్టు కింద రెండు మూడు వేల యూరోలు క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు. ఇంటర్నేషనల్ వాడకం ఆన్‌లో ఉందో లేదో, లిమిట్ సరిపోతుందో లేదో బెంగళూరులో ఉండగానే చూసుకో.

నువ్వు పంపిన తెల్లగోడల ఊళ్ళ ఫొటోలు ఏజియన్ సముద్రంలోని సిక్లడీస్ దీవులవి. మొదటిసారికి అటు వద్దు. ఎండాకాలమంతా అక్కడ మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి కొడుతుంది, సెప్టెంబరులో కూడా వదలదు. 25 నాట్లంటే గంటకు 46 కిలోమీటర్లు. ఆ గాలికి ఎదురు వెళ్ళాల్సిన రోజున ఆరుగురిలో నలుగురు వాంతులతో పడుకుంటారు. పడమటి వైపు అయోనియన్ సముద్రంలో లెఫ్కాదా దీవి నుంచి బయల్దేరండి. అక్కడ పొద్దున గాలి ఉండీ లేనట్టుంటుంది, మధ్యాహ్నం వాయవ్యం నుంచి లేస్తుంది, పొద్దుగూకేసరికి పడిపోతుంది. మన రేవులో మధ్యాహ్నం తిరిగే సముద్రపు గాలి అలవాటైన నీకు ఆ వరస తేలిగ్గానే అర్థమవుతుంది. రోజుకు ఇరవై మైళ్ళు మించి పెట్టుకోకు. శనివారం సాయంత్రం పడవ చేతికొస్తుంది, శుక్రవారం సాయంత్రానికి తిరిగి తెచ్చెయ్యాలి. అంటే వారం కాదు, నీ చేతిలో ఉండేది ఆరు రోజులే.

అప్పగింతప్పుడు మాత్రం ఎంత ఆలస్యమైనా తొందరపడకు. ఒకసారి మాకు పడవ చూపించిన కుర్రాడు హడావుడి పడ్డాడు, మేమూ ఆకలి మీద ఉండి అన్నిటికీ తలూపాం. గాలి ముదిరితే తెరచాపను కుదించే రీఫ్ తాళ్ళలో రెండోది లోపల తెగి ఉందని మూడో రోజు గాలి ముదిరాక తెలిసింది. చాప సగానికి దించాల్సిన వేళ అది దిగనంటే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. అందుకని చాపలు రెండూ పూర్తిగా విప్పించు, రీఫ్ తాళ్ళు ఒక్కొక్కటీ లాగి చూడు. ఇంజిన్ స్టార్ట్ చేసి వెనక్కి వంగి, పొగతోపాటు నీళ్ళు చిమ్ముతున్నాయో లేదో చూడు. నీళ్ళు రాకపోతే ఇంజిన్ చల్లబడటం లేదన్నమాట. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టడం కాదు, అందరిచేతా తొడిగించు. గీతలు, సొట్టలు అన్నీ ఫొటో తీసి, వాళ్ళ కాగితం మీద రాయించాకే సంతకం పెట్టు.

ఇక లంగరు. మెగనీసి దీవి దగ్గర ఒక చిన్న మలుపులో ఎనిమిది మీటర్ల లోతుకు పాతిక మీటర్ల గొలుసు వదిలి, చాల్లే అనుకున్నాను. సాయంత్రం చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిమ్మళంగా ఉంది. రాత్రి రెండింటికి కొండ మీంచి గాలి దిగింది. గొలుసు రాళ్ళ మీద గరగరమని ఈడ్చుకుపోతున్న చప్పుడు నా తల కింద నుంచే వినిపించింది. పైకొచ్చేసరికి పక్క పడవ చెయ్యి చాస్తే అందేలా ఉంది. మీ పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చేతికందిన ఫెండర్, అదే పడవలు రాసుకోకుండా అడ్డం పెట్టే గాలిబుడ్డి, తీసుకెళ్ళి మధ్యలో అడ్డం పెట్టింది. నేను ఆ రోజు ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తు కూడా కలిపి, దానికి అయిదు రెట్లు గొలుసు వదులు. ఎనిమిది మీటర్ల దగ్గర ఆ లెక్కన దాదాపు యాభై మీటర్లు పడుతుంది. నీళ్ళ కింద లేతరంగు కనిపిస్తే ఇసుక, నల్లగా ఉంటే నాచు, ఇసుకలోనే వెయ్యి. తర్వాత రివర్స్‌లో మెల్లగా, ఆపైన గట్టిగా లాగి చూసుకో. అప్పుడు ముందుకెళ్ళి గొలుసు మీద అరికాలు పెట్టు. లంగరు జారుతుంటే గొలుసు కాలి కింద గటగటా కొట్టుకుంటుంది, పట్టుకుంటే బిగిసి కదలకుండా ఉంటుంది. ఒడ్డున చెట్టునీ వెనకాల ఇంటినీ ఒకే వరసలో గుర్తుపెట్టుకో. పావుగంట తర్వాత కూడా ఆ వరస చెదరకపోతేనే వంట మొదలెట్టండి.

సరంగువి నువ్వేనని అందరి ముందూ ఇక్కడే చెప్పుకోండి. మీ బావగారు వయసులో పెద్దవారు, మంచివారు, చొరవ ఉన్నవారు. అందుకే ముందే చెప్పాలి. గాలి చూసి "ఈ రోజు కదలం" అని నువ్వన్నప్పుడు ఆయన హోటల్ బుకింగ్ గుర్తుచేస్తే, నువ్వు పెద్దాయన మాట కాదనలేక బయల్దేరతావేమోనని నా భయం. ఇంట్లో ఆయన మాటే చెల్లనీ. పడవలో మాత్రం నీ మాటే చెల్లాలి. కావాలంటే నేనే ఆయనకు ఫోన్ చేస్తాను.

రేడియోలో ఛానల్ 16 మీద సాయం ఎలా అడగాలో అందరికీ నేర్పు, నువ్వే నీళ్ళలో పడిపోతే పిలవాల్సింది వాళ్ళే కదా. మనకు అంబులెన్సు నంబరైన 108 అక్కడ కోస్ట్ గార్డుది. రాసి చార్టు టేబుల్ దగ్గర అంటించు.

వచ్చే నెల ఒక శని, ఆదివారాలు అల్లుడిని తీసుకుని చెన్నై రా. వెనక్కి నడుపుతూ జెట్టీకి తాడు కట్టడం అతనిచేత ఇరవైసార్లు చేయిద్దాం. గాలివైపు తాడు ముందు వెయ్యాలన్నది చెప్తే రాదు, చేతికే అలవాటవ్వాలి.

మీ పెదనాన్న