ఆవిడ ఇంటి తాళంచెవి నా దగ్గరుంది

ప్రశ్న: నా వయసు 34. పై అంతస్తులో ఒంటరిగా ఉండే 73 ఏళ్ల పెద్దావిడతో నాలుగేళ్లుగా స్నేహం. పెద్దమ్మా అని పిలుస్తాను. మందులు తెచ్చిపెడతాను, ఫోన్‌కి వచ్చిన మెసేజీలు చదివి చెబుతాను. ఆదివారం పొద్దున ఇద్దరం కూర్చుని గళ్లనుడికట్టు పూరిస్తాం. నా ఉద్యోగం పోయినప్పుడు మొదట చెప్పుకున్నది ఆవిడతోనే. ఈమధ్య తన ఇంటి తాళంచెవి ఒకటి నాకిచ్చారు. అది తెలిసి, వేరే ఊళ్లో ఉండే వాళ్లబ్బాయి ఫోన్ చేసి "మా అమ్మ దగ్గర మీకేం పని?" అన్నారు. మా అమ్మేమో "కన్నతల్లికంటే ఆవిడే ఎక్కువైపోయిందా?" అంటోంది. రాకపోకలు తగ్గించుకోవాలా?

జవాబు: వద్దమ్మా. మీరు వెళ్లడం మానేస్తే ఆ ఇద్దరి మనసులూ కుదుటపడవు సరికదా, పెద్దావిడ ఒంటరైపోతారు.

ముఖపరిచయం దగ్గరి స్నేహంగా మారాలంటే కలిసి గడిపిన సమయం 200 గంటలు దాటాలని అమెరికా పరిశోధకుడు జెఫ్రీ హాల్ 2018లో అంచనా వేశారు. మీ ఆదివారాలను గంట చొప్పున లెక్కేసుకున్నా నాలుగేళ్లకు 208. మీది పైపై పరిచయమేమీ కాదు.

వాళ్లబ్బాయి మాట మిమ్మల్ని గుచ్చుకుని ఉంటుంది. కానీ పెద్దవాళ్లను నమ్మించి ముంచేవాళ్లు నిజంగా ఉన్నారు. దూరాన ఉన్న కొడుక్కి, తానెప్పుడూ చూడని మనిషి చేతిలో అమ్మ ఇంటి తాళం ఉందంటే భయం వేయదా? తాళం ఎందుకిచ్చారో పెద్దమ్మే ఆయనకి చెప్పాలి. మీరు చెబితే సంజాయిషీలా ఉంటుంది. మీరు చెప్పాల్సింది వేరే ఉంది. ఆవిడకి చేసిపెట్టేవన్నీ వరసగా రాసి, ఉద్యోగం పోయిన సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన అడిగిన "మీకేం పని?"కి జవాబు అందులోనే ఉంది. ఆ రోజు ఆవిడ మిమ్మల్ని ఎలా నిలబెట్టారో ఆయనకి చెప్పండి. తన తల్లి ఇంకొకరికి ఆసరా అయ్యారన్న సంగతి బహుశా ఆయనకి తెలియదు.

డబ్బు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. ఆవిడ బ్యాంకు కార్డు, పిన్ మీ చేతికి రానివ్వొద్దు. మందుల బిల్లు ఎప్పటికప్పుడు ఆవిడకే ఇచ్చేయండి. ఇంకొకటి, ఆవిడ ఆస్పత్రి పాలైతే నిర్ణయాలు ఎవరు తీసుకోవాలి? చాలాచోట్ల స్నేహితుల మాట చెల్లదు. ఆవిడ ఇష్టమేమిటో ఇప్పుడే, కొడుక్కి తెలిసేలా, కాగితం మీద రాసి పెట్టుకోమనండి.

ఇక మీ అమ్మగారు. ఆవిడ పెద్దమ్మతో పోటీ పడుతున్నారని నేననుకోను. మీ రోజుల్లో తనకి చోటు తగ్గిందని బెంగ పెట్టుకున్నారు. ఈ ఆదివారం మీ ఇద్దరికీ తట్టని గడి ఒకటైనా మిగులుతుంది కదా, అమ్మకి ఫోన్ చేసి ఆ ఆధారం చదివి వినిపించండి. ఫోన్ స్పీకర్లో పెట్టండి, పెద్దమ్మకి కూడా వినబడేలా.