మరో మూడు ఎకరాలు కౌలుకు తీసుకునే ముందు

ప్రశ్న: మాది బాపట్ల జిల్లా. సొంతం ఎకరం, కౌలుకు నాలుగు ఎకరాలు. వరి, ఆ తర్వాత మినుము వేస్తాను. కౌలు ఎకరాకు 14 బస్తాలు, వరి పెట్టుబడి 28 వేలు. నిరుడు 32 బస్తాలు పండాయి. పాత అప్పులు తీరి లక్షన్నర మిగిలింది. ఇంకో మూడు ఎకరాలు కౌలుకు వస్తున్నాయి. తీసుకోమంటారా, డబ్బు బ్యాంకులో వేసుకోమంటారా? నా వయసు 43.

జవాబు: ఆ మూడు ఎకరాలు ఈ ఏడాదికి వద్దండి. అప్పు లేకుండా దుక్కిలో దిగే అవకాశం కౌలు రైతుకు ఎన్నేళ్లకు వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మీ అంకెలతోనే లెక్క వేశాను. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు దాదాపు 1,777 పడుతుంది. 32 బస్తాలు పండితే కౌలు పోను 18 బస్తాలు, అంటే 32 వేలు. పెట్టుబడి తీసేస్తే చేతిలో మిగిలేది నాలుగు వేలు. ఆపైన మినుము కలిసొస్తే సరి. అదే దిగుబడి 20 బస్తాలకు పడిపోతే? కౌలు 14 బస్తాలూ కొలవాల్సిందే. మీకు ఆరు మిగులుతాయి, ఎకరాకు 17 వేలకు పైగా నష్టం. అంటే ఆ మూడు ఎకరాల మీద మంచి ఏడు 12 వేలు వస్తే, చెడ్డ ఏడు 52 వేలు పోతాయి.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మీ బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారం అటు వచ్చాను. కోసి పరిచిన పనలు నీళ్లలో నాని, కంకుల మీదే తెల్లటి మొలకలు వచ్చాయి. ఒక రైతు గుప్పెడు గింజలు దూసి నా చేతిలో పోశారు, ముక్క వాసన. పంట పోయిందని ఆయన ఒక్కసారే అన్నారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు గురించి మాత్రం గంటసేపు చెప్పారు. ఏడాదికి 24 శాతం అది.

కాబట్టి ముందు యజమానితో మాట్లాడండి. తుపానుకో ముంపుకో పంట దెబ్బతింటే కౌలు ఎన్ని బస్తాలు తగ్గిస్తారో నాట్లకు ముందే కాగితం మీద రాయించుకోండి. దీనికి ఒప్పుకునేవారు దొరికితే అదనపు ఎకరాల సంగతి మళ్లీ ఆలోచిద్దాం. కౌలు రైతుకు ప్రభుత్వం ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం మీద సంతకానికి ఆయన వెనకాడితే, దాని గడువు 11 నెలలేనని, దానితో భూమి మీద మీకు హక్కు రాదని చెప్పండి.

ఈ-పంటలో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదులో, సాగుదారుగా మీ పేరే ఎక్కాలి. పంటల బీమాలో ఖరీఫ్ వరికి రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం, కట్టండి. కానీ పరిహారం ఎక్కువగా మీ మడిని బట్టి కాకుండా బీమా యూనిట్ (బీమాకు లెక్కగా తీసుకునే ప్రాంతం) సగటు దిగుబడిని బట్టి వస్తుంది. కోసి ఆరబెట్టిన పంటకు రక్షణ మీ జిల్లాలో ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో అడగండి. ఉంటే కోసిన 14 రోజుల వరకు వర్తిస్తుంది, నష్టాన్ని 72 గంటల్లోగా తెలపాలి. వాన పడుతుండగానే ఫొటోలు తీసి, అదే రోజు ఫోను చేయండి.

లక్షన్నరను 50 వేల చొప్పున మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. ఒకటి జూన్‌లో నాట్ల ఖర్చుకు చేతికొచ్చేలా గడువు పెట్టుకోండి. మిగతా రెండింటినీ పంట పోయిన ఏడాదికి తప్ప ముట్టుకోవద్దు, పెళ్లి ఖర్చుకైనా సరే. సొంత ఎకరం మీద కిసాన్ క్రెడిట్ కార్డు లేకపోతే తీసుకోండి. 3 లక్షల వరకు పంట రుణాన్ని గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది.

ఇక మీ ప్రాణానికి బీమా ఉందో లేదో మీరు రాయలేదు. ఇంటి బరువంతా మీ మీదే ఉన్నట్టుంది. ప్రధానమంత్రి జీవన జ్యోతి జీవిత బీమాకు ఏడాదికి 436 రూపాయలు, ప్రమాద బీమా సురక్షకు 20. రెండింటికీ రెండేసి లక్షల రక్షణ. బ్యాంకులో ఫారం ఇచ్చి, ఏటా మే 31 నాటికి ఖాతాలో ఆ 456 రూపాయలు ఉండేలా చూసుకోండి.