హెల్త్ క్లాసు నుంచి పాపను తప్పించమని రాసివ్వచ్చా?

ఐదో క్లాసు పాపకు హెల్త్ పాఠాలు మొదలవుతున్నాయని స్కూల్ నుంచి కాగితం వచ్చిందని, తప్పించమని రాసివ్వచ్చా అని అడిగారు. ఇవ్వచ్చండీ. న్యూజెర్సీ చట్టంలోనే ఉంది: హెల్త్, ఫ్యామిలీ లైఫ్, సెక్స్ ఎడ్యుకేషన్ పాఠాల్లో ఏ భాగమైనా మన మనస్సాక్షికో మతానికో సరిపడదంటే, సంతకం పెట్టిన ఉత్తరం ప్రిన్సిపాల్‌కి ఇస్తే చాలు. పిల్లల క్రెడిట్లకు ఇబ్బంది రాదు.

మా వాడు ఐదులో ఉన్నప్పుడు నేనూ ఇచ్చాను, పాఠంలో ఏముందో చదవకుండానే. వాట్సాప్ గ్రూపులో నలుగురు అనేసరికి భయమేసింది. ఆ మూడు రోజులూ వాడు లైబ్రరీలో కూర్చున్నాడు. క్లాసులో చెప్పినదంతా స్కూల్ బస్సులో వాడి చెవిన పడింది, సగం తప్పులతో, సగం వెకిలి మాటలతో. మరుసటి ఏడాది గొంతు మారుతుంటే తనకేదో జబ్బు చేసిందని ఏడ్చాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చెల్లెలి వంతు వచ్చేసరికి టీచర్‌కి మెయిల్ పెట్టి స్లైడ్లు అడిగాను. ఆవిడ పంపారు. నెలసరి, శుభ్రత, ఎవరైనా చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి... చాలావరకు ఇవే. ఒక్క పాఠం తొందరనిపించింది. దానికి మాత్రం ఉత్తరమిచ్చి, ఆ సంగతి ఇంట్లో నేనే చెప్పాను.

కథల పుస్తకాల సంగతి వేరు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు మేరీల్యాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ కేసులో 6-3తో తల్లిదండ్రుల పక్షాన నిలిచింది. ఎల్జీబీటీ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ల వంటివారు) పాత్రలున్న కథలు చదివించే ముందు తెలియజేయాలని, మతకారణంతో వద్దన్నవాళ్ళ పిల్లల్ని వదిలిపెట్టాలని చెప్పింది.

ఆ హక్కు ఉండాల్సిందే. కానీ అది అవతలివాళ్ళు వాడుకుంటే ఎలా ఉంటుందో కూడా చూశాను. దీపావళికి ప్రమిదలు పట్టుకుని పాప క్లాసుకి వెళ్తే, ఇంట్లో వద్దన్నారని ఒక పిల్లాడు బయటికి వెళ్ళిపోయాడు. "మనమంటే వాడికి ఇష్టం లేదా అమ్మా?" అని కారులో పాప అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. ఆసియా వాళ్ళ చరిత్ర కూడా బడిలో చెప్పాలని 2022లో ఈ రాష్ట్రం చట్టం చేస్తే మనం ఎంత సంతోషించాం! మా పాప స్నేహితురాలికి ఇద్దరమ్మలు. వాళ్ళలాంటి ఇంటి కథ చదివే రోజున మా పాప లేచి వెళ్ళిపోతే, ఆ పిల్ల కూడా ఇంటికెళ్ళి ఇదే అడుగుతుంది కదా. ఆ కథకు నేను ఉత్తరం ఇవ్వలేదు.

మీరు మాత్రం ముందు స్లైడ్లు తెప్పించుకుని చదవండి. పాపకు ఇప్పటికే ఏం తెలుసో, ఎవరు చెప్పారో కూడా అడగండి.